వెలుగుకు ఎల్ల కట్టే లెక్క

కైకలూరు, ఆకివీడు, ఏలూరు చుట్టుపక్కల చెరువుల నుంచి లారీలకెక్కే శీలావతి, బొచ్చె చేపలు వెండిలా తళతళలాడతాయి. ఆ తళుకులో వెండి లేదు, ఏ లోహమూ లేదు. చేప ఒంటి మీద, పొలుసుల దగ్గర, గ్వానీన్ అనే పదార్థం అతి పల్చని స్ఫటికాల పలకలుగా పేర్చి ఉంటుంది. డీఎన్‌ఏలోని నాలుగు క్షారాల్లో ఒకటైన గ్వానీనే ఇది. ఆ స్ఫటికానికి తనదంటూ రంగు లేదు. వెలుగు దానిలోంచి సాఫీగా వెళ్ళిపోతుంది. పలకల మధ్యనుండే కణద్రవం కూడా అంతే. అయినా ఈ రెండింటినీ సరైన మందంలో పొర మీద పొరగా పేరిస్తే అద్దం తయారవుతుంది. నీళ్ళలో పక్క నుంచి చూసే శత్రువుకు ఆ అద్దంలో చుట్టూ ఉన్న నీరే కనిపిస్తుంది, చేప కనిపించదు.

పదార్థం రంగుతో పని లేకుండా, అమరికతోనే వెలుగును తిప్పే ఈ విద్యను ఇప్పుడు మనిషి కంప్యూటర్ చిప్పుల మీద, కెమెరా కటకాల మీద, సౌర ఫలకాల మీద ప్రయోగిస్తున్నాడు. దీని పేరు నానోఫొటోనిక్స్. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. అంతకంటే చిన్న గుంటలు, గట్లు, స్తంభాలు చెక్కి వెలుగు నడకను మార్చడమే ఈ రంగం చేసే పని.

గత కొన్ని దశాబ్దాల్లో ఈ రంగంలో రెండు పెద్ద మార్పులు వచ్చాయి. మొదటిది, పరికరం ఆకారాన్ని ఇంజనీరు తన చేత్తో గీయడం మాని కంప్యూటర్ చేత గీయించడం. రెండోది, ఎంత గొప్ప కంప్యూటర్ గీసినా దాటలేని హద్దు ఎక్కడుందో ముందుగానే లెక్కకట్టడం. పేరంతా మొదటిదానికి వచ్చింది. కానీ రెండోది లేకపోతే మొదటిది గమ్యం తెలియని వెతుకులాటే. ఏది సాధ్యం కాదో ముందే తేల్చే ఈ తరహా భౌతికశాస్త్రంలో ఆరితేరిన ఒక పెద్దమనిషి నేటి ఏలూరు జిల్లాలోనే పుట్టారు. ఆయన సంగతికి వచ్చే ముందు చేప దగ్గరే కొంచెంసేపు ఆగి లెక్క చూద్దాం.

పొలుసులో దాగిన హద్దు

వెలుగు ఒక పదార్థం నుంచి ఇంకో పదార్థంలోకి వెళ్ళేటప్పుడు సరిహద్దు దగ్గర కొంత వెనక్కి తిరుగుతుంది. ఆ రెండింటి వక్రీభవన గుణకాల తేడా ఎంత ఎక్కువైతే తిరిగే వెలుగు అంత ఎక్కువ. గ్వానీన్ పలకకు ఈ గుణకం సుమారు 1.83. కణద్రవానికి నీటికి మల్లే 1.33. ప్రతి పొర మందమూ ఆ పదార్థంలో వెలుగు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉంటే, సరిహద్దులన్నిటి నుంచి తిరిగివచ్చే అలలు ఒకే అడుగు వేస్తూ కలిసి బలపడతాయి. 550 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగుకు లెక్క కడితే పలక మందం 75 నానోమీటర్లు, ద్రవ పొర మందం 103 నానోమీటర్లు రావాలి.

ఇలాంటి ఆదర్శమైన అమరికలో ఒక్క పలక ఉంటే తిరిగివచ్చేది 9.5 శాతం వెలుగే. ఐదు పలకలుంటే 85 శాతం. పది పలకలుంటే 99 శాతం దాటుతుంది. పలకలు పెంచుకుంటూ పోతే నూటికి నూరు పాళ్ళ అద్దానికి ఎంత దగ్గరికైనా వెళ్ళవచ్చు.

అయితే ఆ అద్దం ఎన్ని రంగులకు పనిచేస్తుందన్న ప్రశ్నకు జవాబు వేరు. ఈ రెండు పదార్థాలతో నాలుగో వంతు పొరలు పేరిస్తే, మంచి పరావర్తనం ఉండే పట్టీ సుమారు 500 నుంచి 610 నానోమీటర్ల దాకానే. పది పలకలను వంద చేసినా, వెయ్యి చేసినా ఆ పట్టీ వెడల్పు పెరగదు. దాన్ని నిర్ణయించేది పలకల సంఖ్య కాదు, రెండు గుణకాల మధ్య తేడా. ఆ లెక్కన చేప ఆకుపచ్చగా మెరవాలి, తెల్లగా కాదు.

చేప ఆ తెలుపును ఇంకో దారిన సాధించుకుంది. దాని ఒంట్లో పలకల మధ్య ఎడం అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండదు. కొన్నిచోట్ల దగ్గరగా ఉండి నీలాన్ని, కొన్నిచోట్ల దూరంగా ఉండి ఎరుపును తిప్పికొడతాయి. అన్నీ కలిసి వెండి తెలుపు అవుతుంది. అందుకు చేప చెల్లించిన మూల్యం అదనపు పొరలు, అదనపు మందం. చేప హద్దును చెరపలేదు, దాన్ని గౌరవిస్తూనే దారి వెతుక్కుంది. మంచి రూపకల్పన ఎక్కడైనా చేసేది ఇదే.

ఆకారాన్ని కంప్యూటర్ గీస్తే

పొరల అద్దం లెక్క కాగితం మీద తేలుతుంది. చిప్పు మీద చెక్కే పరికరం అలా లొంగదు. మన ఇంటికొచ్చే ఫైబర్ ఇంటర్నెట్‌నే తీసుకోండి. సాధారణంగా వాడే జీపాన్ పద్ధతిలో ఒకే గాజు పోగులో వచ్చే కబురు 1490 నానోమీటర్ల వెలుగు మీద, వెళ్ళే కబురు 1310 నానోమీటర్ల వెలుగు మీద ప్రయాణిస్తాయి. వాటిని విడదీసే పరికరం ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. లక్షల సర్వర్లున్న డేటా కేంద్రాల్లో ఇలాంటి పరికరాలు లెక్కకు మిక్కిలిగా కావాలి. కాబట్టి అవి చిన్నవిగా, చవకగా, వెలుగును వృథా చేయనివిగా ఉండాలి.

వెలుగు ఎలా నడుస్తుందో చెప్పే సమీకరణాలు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1865లోనే ఇచ్చాడు. వాటిని కంప్యూటర్ మీద అంచెలంచెలుగా నడిపించే తేలికైన పద్ధతిని 1966లో కేన్ యీ ప్రచురించాడు. స్థలాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, కాలాన్ని చిన్న చిన్న అంగలుగా కోసి, ప్రతి గడిలో విద్యుత్ క్షేత్రాన్ని, అయస్కాంత క్షేత్రాన్ని ఒకదాని తర్వాత ఒకటి లెక్కించడమే ఆ పద్ధతి. అప్పటికది పెద్దగా ఎవరి కంటా పడలేదు. ఇవాళ ఈ రంగానికి అదే ప్రధాన పనిముట్టు.

అందులో ఎంత పని ఉందో చూడండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మైక్రోమీటర్లుండే చిన్న ఘనాన్ని 10 నానోమీటర్ల గడులుగా కోస్తే 2.7 కోట్ల గడులు వస్తాయి. ఒక్కో గడికి ఆరు అంకెలు, వాటిని వేల అంగల పాటు నడపాలి. గడి కొలతను సగానికి తగ్గిస్తే గడులు 8 రెట్లవుతాయి. కాలం అంగ కూడా సగమవ్వాలి గనుక మొత్తం పని 16 రెట్లవుతుంది. ఇసుక రేణువు కంటే చిన్న పరికరానికి ఇంత లెక్క.

ఇదంతా ఫలానా ఆకారమిస్తే వెలుగు ఏం చేస్తుందో చెప్పడానికే. ఇంజనీరుకు కావలసింది దీనికి తలకిందులు: వెలుగు ఫలానా పని చేయాలంటే ఆకారం ఎలా ఉండాలి? ఈ ఎదురు ప్రశ్నకు జవాబు వెతకడాన్నే విలోమ రూపకల్పన అంటున్నారు. 2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో యెలెనా వుచ్కోవిచ్ బృందం ఇలా రూపొందించిన ఒక పరికరాన్ని తయారు చేసి చూపించింది. 1300, 1550 నానోమీటర్ల వెలుగులను విడదీసి వేర్వేరు దారుల్లోకి పంపే ఆ సిలికాన్ ముక్క పొడవు 2.8 మైక్రోమీటర్లు, వెడల్పు 2.8 మైక్రోమీటర్లు. మైక్రోస్కోపులో దాని బొమ్మ చూస్తే వంకరటింకర గుంటలు తప్ప పద్ధతంటూ ఏమీ కనపడదు. ఏ ఇంజనీరూ అలాంటి గీత గీయడు. అయినా అది పని చేసింది.

ఆ ముక్కను 40 నానోమీటర్ల చదరాలుగా కోస్తే 4,900 చదరాలవుతాయని అనుకుందాం. ఒక్కో చదరంలో సిలికాన్ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అలా సాధ్యమయ్యే ఆకారాల సంఖ్య రాయాలంటే ఒకటి పక్కన సుమారు 1,475 సున్నాలు పెట్టాలి. ఒక్కొక్కటి పరీక్షించడం ఎవరి వల్లా కాదు. మరి కంప్యూటర్ ఎలా వెతుకుతుంది?

ఏలూరు కాలువ శివారు పొలానికి నీరందడం లేదనుకోండి. దారిలో అయిదు వేల తూములున్నాయి. ఏది సరిచేస్తే శివారుకు ఎంత నీరు పెరుగుతుందో తెలియాలి. ఒక్కో తూము మార్చి, ప్రతిసారీ శివారుకు పోయి నీటిమట్టం కొలవాలంటే అయిదు వేల తిరుగుళ్ళు. అలా కాకుండా శివారు నుంచే బయలుదేరి, కాలువకు ఎదురు నడుస్తూ, ప్రతి తూము దగ్గర పోతున్న నీటిని రాసుకుంటూ వస్తే ఒక్క నడకలో అన్ని తూముల జాతకమూ తేలుతుంది. కంప్యూటర్ చేసేది ఇదే. వెలుగును ముందు నుంచి పరికరంలోకి పంపి ఒక లెక్క, కావలసిన చోటు నుంచి వెనక్కి పంపి రెండో లెక్క చేస్తుంది. ఆ రెండింటినీ గుణిస్తే ప్రతి చదరంలో సిలికాన్ కాస్త పెంచాలో తగ్గించాలో ఒకేసారి తెలిసిపోతుంది. దీన్ని అడ్జాయింట్ పద్ధతి అంటారు. చదరాలు అయిదు వేలైనా అయిదు కోట్లైనా పెద్ద లెక్కలు రెండే. ఈ రెండు లెక్కలను కొన్ని వందల సార్లు తిప్పితే ఆకారం కుదురుకుంటుంది.

ఇంతకంటే మంచిది లేదని ఎలా తెలుసు?

ఈ పద్ధతికి పెద్ద లోటు ఒకటుంది. కంప్యూటర్ అడుగడుగునా కాస్త మెరుగైన ఆకారం వైపే కదులుతుంది. ఏ వైపు కదిలినా మెరుగుదల కనిపించని చోట ఆగిపోతుంది. అంతకంటే ఎంతో గొప్ప ఆకారం ఇంకెక్కడో ఉండవచ్చు, దానికది తెలియదు. వేరే ఆకారంతో మొదలుపెడితే వేరే జవాబు వస్తుంది. పరికరం 60 శాతం సామర్థ్యంతో పనిచేస్తోందనుకుందాం. ఇంకా కష్టపడితే 90కి చేరుతుందా, లేక ప్రకృతే 62 దగ్గర గీత గీసిందా? ఈ సంగతి తెలియకపోతే పరిశోధకుల ఏళ్ళు, సంస్థల డబ్బు వృథా అవుతాయి.

హద్దులు తేల్చడం భౌతికశాస్త్రానికి కొత్త కాదు. 1873లో ఎర్నెస్ట్ అబ్బే మైక్రోస్కోపు ఎంత చిన్న వివరాన్ని విడదీసి చూపగలదో గీత గీశాడు. 1948లో చూ అనే శాస్త్రవేత్త చిన్న యాంటెన్నాలకు పరిధి లెక్కకట్టాడు. 1982లో ఎలీ యాబ్లొనోవిచ్ సౌర ఫలకంలో వెలుగును ఎంతసేపు తిప్పి ఉంచవచ్చో చెప్పాడు. పైభాగాన్ని గరుకుగా చేస్తే, వెలుగు లోపలే అటూ ఇటూ తిరిగి, పల్చని సిలికాన్ కూడా తన మందానికి ఎన్నో రెట్లు మందంగా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఆ పెంపుకు ఆయన గీసిన గీత వక్రీభవన గుణకపు వర్గానికి నాలుగు రెట్లు. సిలికాన్ గుణకం సుమారు 3.5 గనుక అది దాదాపు 50 రెట్లు.

అయితే ప్రతి హద్దుకూ షరతులుంటాయి. యాబ్లొనోవిచ్ లెక్క ఫలకం మందం తరంగదైర్ఘ్యం కంటే చాలా ఎక్కువని అనుకుంది. తరంగదైర్ఘ్యం కంటే పల్చని పొరలకు ఆ షరతు వర్తించదు గనుక, అక్కడ సరైన నానో అమరికతో ఆ గీతను దాటవచ్చని 2010లో జోంగ్‌ఫు యూ, అశ్వథ్ రామన్, షాన్‌హూయ్ ఫాన్ లెక్కకట్టి చూపారు. హద్దు చెప్పేవాడు షరతులు కూడా చెప్పాలి, వినేవాడు వాటిని అడగాలి. ఏ షరతు సడలిస్తే ఏ తలుపు తెరుచుకుంటుందో అప్పుడే తెలుస్తుంది.

గత పదేళ్ళలో ఈ విద్య కొత్త దశకు చేరింది. 2016లో ఓవెన్ మిల్లర్, సహచరులు వెలుగును పీల్చుకునే పదార్థాలకు ఒక సాధారణ హద్దు ఇచ్చారు. పదార్థం వెలుగుకు ఎంత బలంగా స్పందిస్తుంది, అందులో ఎంత వేడిగా వృథా చేస్తుంది అన్న రెండు సంగతులు తెలిస్తే చాలు. దానితో ఏ ఆకారం చేసినా దాటలేని గీత తేలిపోతుంది. 2019లో గియెర్మో ఆంజెరిస్, వుచ్కోవిచ్, స్టీఫెన్ బోయిడ్ ఈ హద్దును కంప్యూటర్ చేతనే లెక్కకట్టించే మార్గం చూపారు. 2020లో యేల్‌లో మిల్లర్ బృందం, ప్రిన్స్‌టన్‌లో అలెహాండ్రో రోడ్రిగెజ్ బృందం దాన్ని ఇంకా బిగించాయి.

వాళ్ళ ఆలోచన సారాంశం ఇది. ఆకారం ఏదైనా సరే, దానిలోని ప్రతి ముక్కలోనూ శక్తి జమాఖర్చు సరిపోవాలి. పరికరం వెలుగు నుంచి తీసుకున్నదంతా పీల్చుకున్నదానికీ, వెదజల్లినదానికీ కలిపి సమానం కావాలి. ఇప్పుడు ఆకారాన్ని కాసేపు పూర్తిగా పక్కన పెట్టి, ఈ జమాఖర్చు షరతులు మాత్రమే ఉంచి, సాధ్యమైన గరిష్ఠ ఫలితం ఎంతో లెక్కకట్టండి. నిజమైన పరికరాలన్నీ ఈ షరతులు పాటిస్తాయి గనుక, వాటిలో ఏదీ ఈ గరిష్ఠాన్ని మించలేదు. ఆకారాల వెతుకులాట కింది నుంచి పైకి ఎక్కుతుంది, హద్దుల లెక్క పై నుంచి కిందికి దిగుతుంది. రెండూ దగ్గరపడితే పరిశోధకుడు నిశ్చింతగా పని ఆపవచ్చు. మధ్యలో పెద్ద ఖాళీ మిగిలితే ఆకారం బాగుపడాలి, లేదా హద్దును ఇంకా బిగించాలి.

పల్చని కటకాల కథ దీనికి మంచి ఉదాహరణ. 2016లో హార్వర్డ్‌లో ఫెడెరికో కపాసో బృందం టైటానియం డయాక్సైడ్ నానో స్తంభాలతో బల్లపరుపు కటకం చేసింది. స్తంభాల ఎత్తు 600 నానోమీటర్లు. 405 నానోమీటర్ల వెలుగును 86 శాతం సామర్థ్యంతో ఒకచోటికి చేర్చింది. ఫోన్ కెమెరా కాగితమంత పల్చనైపోతుందని ఎందరో ఆశపడ్డారు. కానీ అన్ని రంగులకూ, అన్ని కోణాలకూ ఒకే పల్చని పొర పనిచేయాలంటే చిక్కులొస్తాయి. 2023లో డేవిడ్ మిల్లర్ దీనికి మూలకారణం వివరించారు. బొమ్మలోని ప్రతి చుక్కకూ కటకం అన్ని భాగాల నుంచి వెలుగు చేరాలి. అంటే సమాచారం కటకం లోపల అడ్డంగా ప్రయాణించాలి. అడ్డంగా పోయే దారులు ఎక్కువ కావాలంటే మందం కావాలి. వెడల్పైన పట్టీ కోసం మన శీలావతి మందాన్ని మూల్యంగా చెల్లించింది. మనిషి కటకమూ తన పని విస్తరించాలంటే అదే నాణెం చెల్లించక తప్పదు.

అగిరిపల్లి నుంచి వచ్చిన విద్య

నూజివీడు దగ్గర అగిరిపల్లి 2022లో జరిగిన జిల్లాల విభజనతో ఏలూరు జిల్లాలోకి వచ్చింది. 1909లో సూరి భగవంతం పుట్టింది అక్కడే. 1928లో రామన్ ఫలితం వెలువడిన ఏడాదే ఆయన కలకత్తా వెళ్ళి సి.వి. రామన్ దగ్గర చేరారు. తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించారు. ఉస్మానియా ఉపకులపతిగా, 1957 నుంచి 1962 దాకా బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా, ఆపైన రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. పదవుల కంటే ఆయన ఎంచుకున్న ప్రశ్నే మనకిక్కడ ముఖ్యం.

స్ఫటికంలో అణువులు ఒక సౌష్ఠవంతో కూర్చుని ఉంటాయి. దాన్ని ఇంత తిప్పినా, అద్దంలో చూసినా ముందున్నట్టే కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి ఆధారంగా, ఏ ప్రయోగమూ చేయకుండానే, ఆ స్ఫటికం వెలుగుకు ఎలా స్పందించగలదో, ముఖ్యంగా ఎలా స్పందించలేదో చెప్పవచ్చు. దీనికి వాడే గణితం సమూహ సిద్ధాంతం. సాధారణ స్ఫటికం సాగడం, నొక్కుకోవడం వివరించాలంటే 21 స్థిరాంకాలు కావాలి. ఘనాకార సౌష్ఠవముంటే మూడు చాలు. మిగతావన్నీ ఒకదానితో ఒకటి సమానం కావాలి, లేదా సున్నా కావాలి. ఒత్తిడి పెడితే స్ఫటికంలో వెలుగు నడక ఎలా మారుతుందో చెప్పే స్థిరాంకాలను జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ అంతకుముందే లెక్కించి ఉన్నాడు. కొన్ని స్ఫటిక వర్గాల్లో ఆ సంఖ్య సరికాదని 1942లో భగవంతం సమూహ సిద్ధాంతంతోనే చూపించారు. గణిత శాస్త్రవేత్త టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన రాసిన సమూహ సిద్ధాంత గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. కాగితం, కలం తప్ప ఖరీదైన పరికరం అక్కరలేని ఆ పనిలో వాల్తేరు ప్రపంచంతో సమానంగా నిలిచింది.

సౌష్ఠవం గీసిన గీతలు ఇవాళ్టి చిప్పుల మీద కూడా అంతే గట్టిగా నిలబడి ఉన్నాయి. లేజరు నుంచి వెలుగు బయటికి వెళ్ళాలి గానీ తిరిగి లోపలికి రాకూడదు. వస్తే లేజరు స్థిరత్వం చెడుతుంది. అందుకే ఒకవైపే దారి ఇచ్చే ఐసొలేటర్ కావాలి. అయస్కాంత గుణం లేని, కాలంతో మారని, వెలుగు బలాన్ని బట్టి గుణం మార్చుకోని పదార్థంతో ఇలాంటి పరికరాన్ని ఏ ఆకారంలో చెక్కినా చేయలేం. అన్యోన్యత అనే సూత్రం దాన్ని కుదరనివ్వదు. ఇది తెలియకుండా కంప్యూటర్ చేత వెతికిస్తే అది నెలల తరబడి వెతికి ఉత్త చేతులతో తిరిగి వస్తుంది. తెలిసినవాడు మొదటి రోజే ఆకారాన్ని వదిలి, అయస్కాంత పదార్థం వైపో, కాలంతో మారే పదార్థం వైపో మళ్ళుతాడు.

పాలపిట్ట నీలం, దొరకని ఎరుపు

భగవంతం గురువు రామన్ చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్నారు. 1934లో ఆయన పక్షుల ఈకల రంగుల మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అందులో పరీక్షించినది మన పాలపిట్టనే. దాని నీలం వర్ణకం వల్ల వచ్చినది కాదని, ఈకలోని సూక్ష్మ నిర్మాణం వల్ల వచ్చినదని, అయితే ఆకాశపు నీలానికి చెప్పే వివరణ దానికి సరిపోదని ఆయన వాదించారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు వచ్చాక ఇలాంటి ఈకల్లో కెరాటిన్, గాలి కలగలిసిన స్పంజిలాంటి నిర్మాణం బయటపడింది. అందులోని ఖాళీలు వరుసగా పేర్చినట్టు ఉండవు, అలాగని చిందరవందరగానూ ఉండవు. వాటి మధ్య దూరం మాత్రం ఇంచుమించు ఒకటే. ఆ దూరమే రంగును నిర్ణయిస్తుంది. కొల్లేటి గట్ల మీద కనిపించే లకుముకి పిట్ట వీపు నీలానిదీ ఇదే కథ. దాని పొట్ట మీది నారింజ రంగు మాత్రం వర్ణకమే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక పచ్చదనంలో రెండూ కలిశాయి: నిర్మాణం ఇచ్చిన నీలం మీద వర్ణకం ఇచ్చిన పసుపు.

ఈ స్పంజి నిర్మాణం గొప్పదనం ఏమిటంటే ఏ వైపు నుంచి చూసినా రంగు మారదు. ఎండకు వెలిసిపోని రంగుల కోసం పరిశ్రమలు దీన్ని అనుకరించాలని చూస్తున్నాయి. కానీ ఈ పద్ధతిలో పక్షులు స్వచ్ఛమైన ఎరుపును మాత్రం సాధించలేదు. ఖాళీల మధ్య దూరం పెంచితే ఎరుపు రావాలి కదా? వస్తుంది, కానీ దాని వెంట నీలం కూడా వస్తుంది. ఒక్కో గుండ్రని ఖాళీ తనంతట తానే పొట్టి తరంగాలను వెనక్కి చిమ్ముతుంది, దాన్ని అమరికతో అణచలేం. 2014లో హార్వర్డ్‌లో వినోదన్ మనోహరన్ బృందం ఈ కారణాన్ని వివరించింది. 2020లో సిల్వియా విన్యోలినితో కూడిన బృందం కంప్యూటర్ లెక్కలతో ఈ హద్దును ఇంకా విపులంగా పరిశీలించింది. కాబట్టి ఈ మార్గంలో ఎరుపు కావాలనుకునేవారు పొట్టి తరంగాలను పీల్చుకునే వర్ణకాన్ని కొంచెం కలపాలి, లేదా లోపల ఒక పదార్థం, పైన ఇంకొకటి ఉండే కణాలు వాడాలి. హద్దు తెలిసింది గనుకనే ఈ దారులు తోచాయి.

కొల్లేటి గాలిలో చల్లని పైకప్పు

ఈ శాస్త్రం మన ప్రాంతపు జీవనానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది చల్లదనం విషయంలో. ఇక్కడి చేప ఐసు మీద బతుకుతుంది. చెరువు గట్టు మీద పట్టిన చేపను ట్రేల్లో, పెట్టెల్లో ఐసుతో సర్ది బెంగాల్, అస్సాంల దాకా పంపుతారు. దారిలో ఐసు కరిగితే సరుకు పోయినట్టే.

2014లో స్టాన్‌ఫర్డ్‌లో అశ్వథ్ రామన్, షాన్‌హూయ్ ఫాన్, సహచరులు హాఫ్నియం ఆక్సైడ్, సిలికాన్ ఆక్సైడ్ పొరలు ఏడింటిని వెండి మీద పేర్చి ఒక పలక చేశారు. పొరల మందాలను కంప్యూటర్ లెక్కలతో నిర్ణయించారు. ఆ పలక ఎండలో 97 శాతాన్ని తిప్పికొట్టింది. అదే సమయంలో 8 నుంచి 13 మైక్రోమీటర్ల పరారుణ పట్టీలో తన వేడిని ఆకాశంలోకి పంపింది. ఆ పట్టీలో గాలి పారదర్శకంగా ఉంటుంది గనుక వేడి నేరుగా అంతరిక్షం దారి పడుతుంది. కరెంటు లేకుండా, నడి ఎండలో, ఆ పలక చుట్టూ ఉన్న గాలి కంటే 4.9 డిగ్రీలు చల్లబడింది. గాలితో సమానమైన ఉష్ణోగ్రత వద్ద చదరపు మీటరుకు 40 వాట్ల చొప్పున వేడిని బయటికి నెట్టింది. ఒక చదరపు మీటరు మీద 40 వాట్లు రోజంతా అంటే, పది కిలోల ఐసును కరిగించేంత వేడి.

ఇక్కడ కూడా హద్దే అసలు సంగతి. 27 డిగ్రీల దగ్గర ఏ ఉపరితలమైనా చదరపు మీటరుకు గరిష్ఠంగా 460 వాట్ల వేడిని వెదజల్లగలదు, అంతకు మించదు. అందులో ఎక్కువ భాగాన్ని గాలి మళ్ళీ కిందికి పంపుతుంది. పొడి గాలి, తేట ఆకాశం ఉంటే మిగులు 100 వాట్లు దాటవచ్చు. గాలిలో తేమ పెరిగేకొద్దీ ఆ పరారుణ కిటికీ మూసుకుపోతుంది, మబ్బు పడితే దాదాపు పూర్తిగా. కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య, సముద్రానికి చేరువలో, మైళ్ళ కొద్దీ చెరువుల నడుమ ఉంది. ఇక్కడి వానాకాలపు ఉక్కలో ఆ కిటికీ ఇరుకైపోతుంది. శీతకాలపు తేట రాత్రుల్లో తెరుచుకుంటుంది. పుష్యమాసంలో తెల్లవారేసరికి గడ్డి మీద మంచు పడేది కూడా గడ్డి తన వేడిని ఆ కిటికీ గుండా ఆకాశానికి పంపి గాలి కంటే చల్లబడటం వల్లనే.

కనుక ఏ పొడి దేశంలోనో కొలిచిన అంకె చూపించి అమ్మజూపే ‘చల్లని పూత’ను ఇక్కడ ఎవరైనా కొనే ముందు, మన తేమలో దాని హద్దు ఎంతని అడగాలి. అలాగని చేతులు ముడుచుకోనక్కరలేదు. నడి ఎండలో చదరపు మీటరు మీద దాదాపు 1,000 వాట్ల ఎండ పడుతుంది. దాన్ని తిప్పికొట్టడానికి తేమ అడ్డం రాదు. చేపల షెడ్డు, లారీ పెట్టె, రైసు మిల్లు, రేకుల ఇల్లు, దేనికైనా ఇక్కడ మొదటి లాభం ఎండను తిప్పికొట్టే పైకప్పులోనే ఉంది, ఆకాశానికి పంపే వేడి తర్వాతిది. మంచి తెల్ల రంగు ఇందులో చాలా మటుకు సాధిస్తుంది. నానో పొరలు ఇవ్వగలిగింది ఆ పైన మిగిలిన భాగం. అది ఖర్చుకు తగునా అన్నది ఈ నేల మీద, ఈ గాలిలో, ఏడాది పొడవునా కొలిచి తేల్చాల్సిన విషయం. చేయదగిన పని ఇది, ఇక్కడివారే చేయదగిన పని.

ఇక్కడి విద్యార్థికి

తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్‌ఐటీ మొదలైంది. ఏలూరులో, భీమవరంలో, నూజివీడులో ఇంజనీరింగు, సైన్సు చదివే పిల్లలు వేలల్లో ఉన్నారు. నానోఫొటోనిక్స్ అనగానే కోట్ల ఖరీదు చేసే శుభ్రగదులు గుర్తొచ్చి ఇది మనది కాదని వెనక్కి తగ్గనక్కరలేదు. చెక్కడానికి ఆ గదులు కావాలన్నది నిజమే. అందుకు బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో, ఐఐటీ బొంబాయిలో ఉన్న సౌకర్యాలను బయటి సంస్థల పరిశోధకులు వాడుకునే ఐఎన్‌యూపీ అనే జాతీయ పథకం ఉంది. కానీ రూపకల్పనకు, హద్దుల లెక్కకు కావలసింది కంప్యూటర్, గణితం, ఓపిక. కేన్ యీ పద్ధతిని నడిపే మీప్ అనే సాఫ్ట్‌వేర్ ఎంఐటీలో పుట్టింది. ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు, దాని కోడు లోపలికి వెళ్ళి చదవవచ్చు.

మొదలుపెట్టేవారికి ఒక దారి చెబుతాను. చేప పొలుసు లెక్కను ముందు చేత్తో చేయండి, తరువాత ఇరవై ముప్పై వరుసల కోడుతో చేయండి. 9.5, 85, 99 శాతాలు మీ తెర మీద వచ్చాక, పలకల ఎడం మార్చి, కనిపించే వెలుగంతా తిప్పికొట్టడానికి ఎన్ని పలకలు కావాలో కంప్యూటర్ చేత వెతికించండి. జవాబు దొరికాక అక్కడితో ఆగకండి. ఇంతకంటే తక్కువ పలకలతో ఎవరూ చేయలేరని రుజువు చేయగలరా అని మిమ్మల్ని మీరు అడగండి. ఆ ప్రశ్న దగ్గరే విద్యార్థి పరిశోధకుడవుతాడు.

అధ్యాపకులకు ఒక విన్నపం. మన ప్రాజెక్టు పనుల్లో ‘ఇంత సామర్థ్యం సాధించాం’ అన్న వాక్యం దగ్గరే నివేదిక ముగుస్తోంది. దాని పక్కన రెండో వాక్యం కూడా రాయించండి: ‘ఇందులో సాధ్యమైన గరిష్ఠం ఇంత, దానికి మేము ఇంత దూరంలో ఉన్నాం.’ ఖరీదైన పరికరం ఒక్కటీ లేకుండా ఈ అలవాటు పెంచవచ్చు. అగిరిపల్లిలో పుట్టిన భగవంతం కలం, కాగితంతో ఈ తరహా ప్రశ్నలకు జవాబులు రాసి ప్రపంచం చేత చదివించారు. అదే జిల్లాలో ఈనాటి పిల్లల చేతిలో కలంతో పాటు ల్యాప్‌టాప్ కూడా ఉంది. పని మొదలుపెట్టడానికి అది చాలు.